ముడిలో మాట

ఆ ఇంట్లో బస్తా మూతి విప్పాలన్నా ముందు నాన్నను లేపాలి. బట్టల తీగకూ, కిటికీ తెరకూ, వల సంచికీ ముడులన్నీ ఆయనే వేసేవాడు. ఆయన ముడి ఇంకెవరి వేళ్లకూ లొంగదు. ముడికి గానీ, ఆ తాడుకు గానీ కత్తి పెడితే కత్తి అంచే మడతపడేది. వేసేటప్పుడు పెదవులు ఆనించి గుసగుసగా ఒక మాట చెప్పేవాడు. విప్పేటప్పుడు మళ్లీ అదే మాట. ముడి బుద్ధిమంతురాలిలా జారిపోయేది. ఇరుగుపొరుగు దీనికి ఆశ్చర్యపోవడం ఎప్పుడో మానేశారు. "మా ఆయన నోటికి కూడా ఒకటి వేసిపెట్టండి అన్నయ్యా" అని పక్కింటావిడ ఆటపట్టించేది.

ఆయన బతుకంతా చేపల పడవే. చేతులు వణకడం మొదలయ్యాక దాన్ని కూతురు నడిపింది. పదమూడేళ్లు తెడ్డు పట్టిందీ, వల విసిరిందీ, చేపలు గంపలకెత్తిందీ ఆమే. పొద్దున్నే రేవుకొచ్చి పడవ ముడి విప్పడం, సాయంత్రం మళ్లీ వేయడం మాత్రం నాన్న పని.

"ఆ మాట నాకూ చెప్పు నాన్నా."

"తొందరేముందే? నీకు కాక ఇంకెవరికి చెబుతాను!"

ఆసుపత్రిలో చివరిరోజు ఆయన ఆమెను టీ తెమ్మని కిందికి పంపాడు. ఫ్లాస్కుతో తిరిగొచ్చేసరికి తమ్ముడు మంచం మీదికి వంగి ఉన్నాడు. తపాలా ఆఫీసులో గుమస్తా వాడు, పడవ ఎక్కితే కళ్లు తిరుగుతాయి. ఆమెకు ఏ అనుమానమూ రాలేదు. ముగ్గురికీ టీ పోసింది.

నాన్న పోయాక పడవ రేవులోనే ఉండిపోయింది. మూడు వారాలు ఆమె రోజూ ఆ ముడి ముందు కూర్చుంది. అమ్మ పేరు చెప్పింది, పడవ పేరు చెప్పింది, తెలిసిన చేపల పేర్లన్నీ చెప్పింది, చివరికి నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టింది. ముడి కదల్లేదు.

ఒకరోజు పొద్దున్న తమ్ముడు బూట్లతో రేవుకొచ్చాడు. వంగి ఏదో గొణిగాడు. ముడి జారిపోయింది.

"నీకు చెప్పాడా?" అంది ఆమె.

"ఆసుపత్రిలో చెప్పాడక్కా. ఆడపిల్లకు పడవెందుకురా, నువ్వే చూసుకో అన్నాడు." వాడు తలెత్తలేదు. "హోటలు వాళ్లకిచ్చేస్తున్నాను. గుమ్మం ముందు పెట్టి అందులో పూలమొక్కలు పెంచుతారట. లారీ అవతలి రేవులో ఉంది. అక్కడిదాకా నువ్వే కాస్త..."

"ఏమిటా మాట?"

"పీతపిల్ల."

చిన్నప్పుడు నాన్న ఆమెను పిలిచిన పేరు అది. పట్టిందంటే వదలదని అలా పిలిచేవాడు. లోకంలో ఉన్న మాటలన్నీ ముడికి చెప్పింది గానీ, తన పేరు మాత్రం తను పిలుచుకోలేదు. ఎవరు మాత్రం పిలుచుకుంటారు?

అంత ముద్దుగా దాచుకున్నాడని సంతోషపడాలేమో. ఆమెకు ఒళ్లు మండిపోయింది. తన పేరుతో తనకే తాళం వేసి, తాళంచెవి ఇంకొకరి చేతిలో పెట్టాడు. పదమూడేళ్లు నమ్మించి గొంతు కోశాడు.

"మోసం చేశావు నాన్నా" అంది నీళ్లకేసి, పైకే. తమ్ముడు వినపడనట్టు బూటు లేసు సవరించుకున్నాడు.

ఆమె తెడ్డు అందుకుంది. తమ్ముడు రోడ్డు మీదుగా వచ్చాడు. అవతలి రేవులో గట్టు మీది ఇనుప కడియానికి తాడు చుట్టి ముడి వేసింది. ఆ పడవకు ఆమె ముడి వేయడం అదే మొదటిసారి. బిగించేటప్పుడు పెదవులు ఆనించి ఒక మాట చెప్పింది.

లారీ డ్రైవరు ఆ ముడిని గోళ్లతో గీకాడు, పళ్లతో లాగాడు. తాడుకు కత్తి పెడితే అంచు మడతపడింది. "మీరే రండి సార్" అన్నాడు విసుగ్గా.

తమ్ముడు వంగి "పీతపిల్ల" అన్నాడు. మళ్లీ అన్నాడు, ఈసారి గట్టిగా. చుట్టూ ఉన్నవాళ్లందరికీ వినపడింది, ముడికి తప్ప. మధ్యాహ్నం దాకా చూసి లారీ ఖాళీగా వెళ్లిపోయింది.

వాడు చెమట తుడుచుకుంటూ వచ్చి అక్క పక్కన కూలబడ్డాడు.

"మాట మార్చేశావా? ఏమిటక్కా అది?"

ఆమె వల చిక్కులు తీసుకుంటూనే ఉంది.

"అదేంటి, నాన్న చెప్పలేదా?" అంది.