పెట్టెలో వచ్చినామె

ఆదివారం పొద్దున చేపలతో, కొత్తిమీర కట్టలతో పాటు పెంచలమ్మ పెట్టె కూడా వస్తుంది. ఆరడుగుల చెక్క శవపెట్టె. మూత మీద ఆమె పేరు అరబ్బీలో ఒకసారి, తెలుగులో ఒకసారి రాసి ఉంది. తెలుగులో ఒక ఎత్వం ఎక్కువ పడింది. తెచ్చినవాడు చీటీ చాపుతాడు. ఆమె చెయ్యి తుడుచుకుని సంతకం పెడుతుంది.

కువైట్‌లో ఆ ఇంట్లో ఆమె పదిహేడేళ్లుగా వంట చేస్తోంది. ఇంటి యజమానురాలిని అక్కడి పనివాళ్లందరి లాగే మామా అని పిలుస్తుంది. మామా వంటింట్లోకి వచ్చి పెట్టెను చూసి, ఫ్రిజ్ తలుపుకు అడ్డం రాకుండా జరపమంటుంది. ఎప్పటికి అని అడుగుతుంది. చీటీలో వచ్చే బేస్తవారం అని ఉంది. ఆ రోజు చుట్టాలు వస్తున్నారని, మధ్యాహ్నం వంట అయ్యాక అయితే ఇబ్బంది లేదని మామా అంటుంది. పెంచలమ్మ సరేనని గంజి వారుస్తుంది.

ఆమెకు ఏమీ అనిపించదు. పన్ను పీకే ముందు సూది వేస్తే చెంప ఎట్లా ఉంటుందో, ఒళ్లంతా అట్లా ఉంది.

ఆ ఇంటి డ్రైవరు చాంద్ బాషా కడప మనిషి. మర్నాడు ఆమెను కారులో ఎక్కించుకుని బయలుదేరతాడు.

"కాయితాలు ఇప్పుడే చేసుకోవాలక్కా," అంటాడు. "ఊపిరుండంగానే తిరగాల. పోయినాక మన మాట ఎవురింటారు? చిట్వేలామె ఒకామె రేపు మాపు అనుకోని, నాలుగు నెల్లు ఐసులో పండుకునింది."

"చలికి తట్టుకునిందా?"

"యాడ! దగ్గు పట్టిందంట."

కాగితాల ఆఫీసు వసారా పొడుగ్గా ఉంది. చేతిలో లేని ఒక్కో కాగితానికి అది పది గజాలు సాగుతుందని బాషా ముందే చెప్పాడు. పెంచలమ్మ దగ్గర పాస్‌పోర్టు, చీటీ తప్ప ఇంకేం లేవు. ఆమె నడుస్తుండగానే మధ్యాహ్నం అవుతుంది. గోడ వారగా కూర్చుని జనం క్యారియర్లు విప్పుకుంటున్నారు. ఒకాయన ఆమెను పిలిచి ఇంత అన్నం, ఊరగాయ ముక్క పెడతాడు. తిని, చెయ్యి కడుక్కుని, మళ్లీ నడుస్తుంది.

చివరన బల్ల వెనక కూర్చున్న గుమాస్తా తెలుగాయనే.

"మరణించినది ఎవరమ్మా?"

"నేనే సార్. బేస్తవారం నుంచి."

"కారణం?"

"ఇంకా చెప్పలేదు సార్."

"కారణం లేకుండా ఫారం ముందుకు పోదు." ఆయన రిజిస్టరు తిప్పుతాడు. "ఈ వారానికి గుండె ఒకటి, మేడ మీది నుంచి పడటం ఒకటి మిగిలి ఉన్నాయి."

మేడ మీది నుంచి పడినవాళ్ల గురించి ఊళ్లో ఏమేమి అనుకుంటారో పెంచలమ్మకు తెలుసు.

"గుండె రాసుకోండి సార్."

"ఇక్కడే పూడ్చమంటే ఈ రోజే అయిపోతుంది. ఒక్క సంతకం."

"లేదు సార్. ఇంటికి పోవాల."

"అక్కడ తీసుకునేవాళ్లు?"

"నా కూతురు సుప్రజ. కోడూరు."

"ఆమె సంతకం కావాలి. ఈ శవం మాదే, తీసుకోవడానికి అభ్యంతరం లేదని."

పెంచలమ్మ ఇల్లు వదిలేనాటికి సుప్రజకు రెండేళ్లు. చెల్లెలి దగ్గర పెరిగింది. పెంచలమ్మ మూడుసార్లు సెలవు మీద ఇంటికి పోయింది. మూడుసార్లూ పిల్ల ఎదుటికి రాలేదు. మిద్దె ఎక్కి, అక్కడి నుంచి ఆమెకు ఫోన్ చేసేది. వాకిట్లో కూర్చున్న పెంచలమ్మ ఫోన్ ఎత్తి, అన్నం తిన్నావా పాపా అని అడిగేది. తిన్నా మా, ఎవురో మా ఇంటికొచ్చినారు, వాళ్లు పొయ్యేదాకా నేను కిందికి దిగను అనేది పిల్ల. సెలవు అయిపోయి పెంచలమ్మ బస్సెక్కాక దిగేది.

గుమాస్తా బల్ల ముందు నిలబడే కూతురికి ఫోన్ చేస్తుంది.

"నేను సంతకం పెట్టను మా," అంటుంది సుప్రజ.

"ఏం పాపా?"

"మా అమ్మ ఫోన్లో ఉంటాది. పెట్టెలో వచ్చే ఆమె ఎవురో నాకు తెల్దు. తెలీని శవానికి నేను సంతకం పెడితే, రేపు ఆమె కూతురొచ్చి మాయమ్మ యాడ అంటే ఏం చెప్పేది?"

పెంచలమ్మ ఆలోచిస్తుంది. ఆ మాటలో ఆమెకు తప్పేమీ కనిపించదు. గుమాస్తాకు చెబుతుంది. ఆయనకూ కనిపించదు.

"సంతకం లేకపోయినా చెన్నై దాకా పంపవచ్చు," అంటాడు ఆయన. "అక్కడి సరుకుల షెడ్డులో మూడు రోజులు ఉంచుతారు. ఎవరూ రాకపోతే, పంపినవాళ్లకే తిరిగి వస్తుంది."

"పంపేది నేనే గదా సార్."

"అవును. మీరు అందుబాటులో ఉండాలి."

పెంచలమ్మ వెళ్లిరావడానికే మొగ్గు చూపుతుంది. ఒక్కసారైనా మనిషి ఎదుటికి మనిషిగా పోవాలని ఆమెకు ఉంది. ఎందుకు ఉందో అడిగితే చెప్పడం ఆమె వల్ల కాదు.

బేస్తవారం చుట్టాలకు వడ్డన అవుతుంది. గిన్నెలు తోమి బోర్లిస్తుంది. ఉతికిన చీర కట్టుకుని, ఫోను, దాని ఛార్జరు పట్టుకుని పెట్టెలో పడుకుంటుంది. బాషా మూత ఎత్తి పట్టుకుంటాడు.

"గాలి ఆడతాందా అక్కా?"

"ఆడకపోయినా ఏం గాదు గదా."

"అవును గదా," అంటాడు బాషా, సిగ్గుపడినట్టుగా. తర్వాత మేకులు కొడతాడు. ఒక్కో మేకు కొట్టేముందు, కొడతాండానక్కా అని చెబుతాడు.

చెన్నై షెడ్డులో ఉక్కపోత. షెడ్డువాళ్లు సుప్రజకు రోజుకొకసారి ఫోన్ చేస్తారు. మూడో రోజు పొద్దున సుప్రజ, చిన్నమ్మను వెంటబెట్టుకుని వస్తుంది. మీరు పొరబడినారు, మాకు పెట్టె ఏదీ రావాల్సింది లేదని చెప్పడానికి వస్తుంది. చెప్పాక, పెట్టె పక్కన నిలబడి అమ్మకు ఫోన్ చేస్తుంది.

"మా, ఈడ ఒకామె వచ్చిండాది. తీసకపొయ్యేవాళ్లు ఎవురూ లేరు. రేపు ఎనక్కి పంపిస్తారంట."

పెట్టెలో పెంచలమ్మ ఫోన్ చెవికి ఆనించుకుంటుంది. కూతురి గొంతు ఫోన్లో ఒకసారి, చెక్కకు అవతల మూరెడు దూరంలో ఒకసారి వినిపిస్తుంది. ఫోన్లోదే ముందు వస్తుంది.

"పాపం, ఎవురి తల్లో. తీసకపో పాపా. ఒక సంతకం పెడితే నీదేం పోతాది?"

"ఆమె కూతురొస్తే?"

"వస్తే నాకు ఫోన్ ఇయ్యి. నేను చెప్తా."

కాసేపటికి కాగితం మీద కలం కదిలిన చప్పుడు వినిపిస్తుంది.

కోడూరులో చిన్నమ్మ మూత తీసి చూస్తుంది. కొంగు నోట్లో కుక్కుకుని వీధిలోకి పోయి, అటు తిరిగి కూర్చుంటుంది. సుప్రజ ఒక్కతే మిగులుతుంది.

"నాకీ పని రాదు మా. ఎట్లా చేయాల?"

"నీళ్లు కాంచు. పసుపెయ్యి. కాళ్ల కాన్నుంచి మొదలుపెట్టు."

"మడమలు బాగా పగిలిండాయి. ఏం పని చేసిందో ఏమో."

"యాడో వంట చేసింటాది. నిలబడి చేసే పని."

"చేతి మీద కాలిన మచ్చలుండాయి."

"నూనె చిట్లింటాది. మెల్లగా రుద్దు."

"నొప్పి తెలుస్తాదా మా?"

"తెలీదు," అంటుంది పెంచలమ్మ. నిజంగానే ఆమెకు నీళ్లు తెలియడం లేదు, వాటి చప్పుడు ఒక్కటే తెలుస్తోంది. "అయినా మెల్లగా."

ఒళ్లు తుడవడం అయ్యాక తల దువ్వమంటుంది. సుప్రజ నుదుటి దగ్గర దువ్వెన పెట్టి కిందికి తీస్తుంది. జుట్టు అయిపోదు. దువ్వెన గడప దాటుతుంది. సుప్రజ ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య నొక్కిపట్టి, దువ్వుకుంటూ పోతుంది.

"బొప్పాయి తోటలు దాటినా మా."

"చిక్కులుండాయా?"

"ఉండాయి. పొయ్యే కొందికీ ఎక్కువైతాండాయి."

"లాగొద్దు. ఇడదీసుకుంటా పో."

రైల్వే గేటు దాటినా అంటుంది. శ్రీకాళహస్తి అంటుంది. సూళ్లూరుపేటలో ఎవరో మంచినీళ్లు ఇచ్చారంటుంది. ఆ తర్వాత ఫోన్లో హోరు.

"ముందర సముద్రముండాది మా. ఎంటికలు నీళ్లలోకి పోయినాయి. ఇంకా ఆ పక్కకు ఉండాయి. దిగి దువ్వేదా?"

"వద్దు!"

పదిహేడేళ్లలో పెంచలమ్మ అంత గట్టిగా మాట్లాడింది లేదు. వీధిలో చిన్నమ్మ ఉలిక్కిపడి లోపలికి చూస్తుంది.

"నువ్వు దిగొద్దు పాపా. మిగిలిన చిక్కులు మిగలనీ. ఆడ్నుంచే జడ అల్లుకుంటా ఎనక్కి రా."

"మూడు పాయలా?"

"మూడు పాయలు. బిర్రుగా అల్లు."

సుప్రజ అల్లడం మొదలుపెడుతుంది. పాయ మీద పాయ వేసి బిగించినప్పుడల్లా సముద్రం బారెడు ముందుకు జరిగి, ఆమె వెంట వస్తుంది. లారీలు రోడ్డు దిగి దారి ఇస్తాయి. ఆమె తొందరపడదు. ఎక్కడిదాకా వచ్చిందీ చెబుతూనే ఉంటుంది, పెంచలమ్మ ఊ కొడుతూనే ఉంటుంది.

ఊరి రైల్వే గేటు దగ్గరికి చేరేసరికి గేటు వేసి ఉంటుంది. సుప్రజ వంగి, కింది నుంచి జడతో సహా దాటుతుంది. ఆమె వెనక ఓడలు ఒకదాని వెంట ఒకటి ఆగి, గేటు ఎత్తడం కోసం చూస్తున్నాయి. ముందున్న ఓడ అంచు మీది నుంచి, కువైట్‌కు పనికి పోయిన ఆడవాళ్లు కొందరు వంగి, దిగి నడిచి పోవచ్చునా అని గేటాయనను అడుగుతున్నారు.