పాఠం తెచ్చే పంతులమ్మ

నారాయణరావుపేట దాపున ఉన్న ఆ చిన్న క్రైస్తవ వాడలో బడి మొదలుపెట్టింది యోబు. వాడలో అందరూ కూలికి పోయేవాళ్లే. యోబూ ఆ ఇళ్ల మధ్య పుట్టినవాడే. మిషన్ వాళ్ల దగ్గర ఉండి చదువుకుని, తిరిగొచ్చి, ప్రార్థనల కోసం వేసిన గడ్డి కొట్టంలోనే పిల్లలకు అక్షరాలు దిద్దించాడు. నాలుగేళ్లు గడవకముందే ఊళ్లో గత్తర, అదే కలరా, పడింది. పొద్దున వాంతులు మొదలైతే పొద్దుగూకే వేళకు యోబు లేడు.

అతని భార్య ఐలవ్వది చిన్న వయసు. పిల్లలు లేరు. పెళ్లయిన కొత్తలో యోబు ఆమెనూ పిల్లల వెనక వరసలో కూర్చోబెట్టి చదువు చెప్పాడు. మూడో వాచకం సగానికి వచ్చేసరికి అతను పోయాడు.

పుట్టింటికి పోదామని ఆమె బట్టలు మూట గట్టుకుంటున్న రోజున దుబ్బయ్య మనవరాలు ఎల్లవ్వ పలక పట్టుకుని గడపలో నిలబడింది.

"పంతులమ్మా, ఇయ్యాల బడి ఉన్నదా?"

లేదనడానికి ఐలవ్వకు నోరు రాలేదు. "ఉన్నది, పో, కూసో" అంది.

వాడకు పెద్ద దుబ్బయ్య. యోబుకు పెదనాయన. సంగతి తెలిసి కొట్టం దగ్గరికి వచ్చాడు.

"కోడలా, నీకు వచ్చింది మూడు పుస్తకాలు గూడ గాదు. గీ పోరలను కూసోబెట్టుకొని ఏం జేస్తవ్?"

"వచ్చిందాంక చెప్త మామా."

"రానిది?"

ఆమె ఎల్లవ్వ పలక అందుకుని అక్షరాలు రాయసాగింది. దుబ్బయ్య తల ఊపుకుంటూ వెళ్లిపోయాడు.

వచ్చిందంతా చెప్పడానికి ఏడాది పైనే పట్టింది. తర్వాత లెక్కల్లో భాగహారం ఎదురైంది. తనకు రాదని చెప్పడానికి మనసొప్పక, "ముందు ఎక్కాలు మంచిగ రానీ" అని ఒకరోజు దాటేసింది. మర్నాడూ అదే మాట. మూడో రోజు ఎల్లవ్వ తల ఎత్తకుండానే అడిగింది.

"పంతులమ్మా, నీకు సుత రాదా?"

ఐలవ్వ చేతిలోని సుద్దముక్క కింద పెట్టింది.

"రాదు బిడ్డా. నేర్సుకొని వచ్చి చెప్త."

ఆ శనివారం బడి వదిలాక సిద్దిపేట దారి పట్టింది. అక్కడి చర్చి పాదిరి అయ్యగారి భార్య మార్తమ్మ చదువుకున్న మనిషి. ఐలవ్వ వచ్చిన పని విని ఆమె నవ్వలేదు, జాలీ పడలేదు. "కాళ్లు కడుక్కోని రా" అంది. ఆదివారం ఆరాధన అయ్యాక వరండాలో కూర్చోబెట్టి, అర్థమయ్యేదాకా భాగహారం చేయించింది.

అప్పటినుంచి ప్రతి శనివారం అదే వరస. తిరుగు దారిలో పాఠం మరిచిపోతానేమోనని ఐలవ్వ గట్టిగా వల్లె వేసుకుంటూ నడిచేది. దారి వెంట ఈత కల్లు గీసేవాళ్లు చూసి, మొగుడు పోయిన బెంగతో పాపం మతి తప్పిందనుకున్నారు. సోమవారం పిల్లలు ఆమెను చుట్టుముట్టేవాళ్లు.

"ఏం తెచ్చినవ్ పంతులమ్మా?"

అంగడి నుంచి అటుకులో పుట్నాలో తెచ్చినట్టు అడిగేవాళ్లు. ఆమె కూడా అంత సంబరంగానే పంచిపెట్టేది. కొన్నిసార్లు సగం మరిచిపోయి, తప్పు చెప్పి, మరుసటి సోమవారం దిద్దుకునేది.

యోబు పోయినప్పటినుంచి ప్రార్థనలో వాక్యం చదివే మనిషి లేక వాడవాళ్లు పాటలు పాడుకుని లేచిపోయేవాళ్లు. ఐలవ్వ ఆదివారాలు సిద్దిపేటలోనే ఉంటుంది కదా. ఒక ఆదివారం ఎల్లవ్వ లేచి, యోబు బైబిలు తెరిచి, కూడబలుక్కుంటూ ఒక కీర్తన చదివింది. దుబ్బయ్య కళ్లు మూసుకుని విన్నాడు. అయిపోయాక కూడా చాలాసేపు తెరవలేదు. ఆ వచ్చే శనివారం వానకు సిద్దిపేట దారిలోని వాగు నిండుగా పారుతోంది. ఐలవ్వ ఒడ్డుకు చేరేసరికి ఆయన కట్టె పట్టుకుని అక్కడ నిలబడి ఉన్నాడు.

"నా ఎనక నడువు. నడుమల లోతున్నది" అన్నాడు. కట్టెతో లోతు చూసుకుంటూ ముందు దిగాడు.

పంతొమ్మిది వందల నలభై ఎనిమిదిలో దారులు మూతపడ్డాయి. ఒక దిక్కు రజాకార్ల భయం, ఇంకో దిక్కు నిజాం పోలీసుల భయం. ఏ ఊరు ఎప్పుడు తగలబడుతుందో తెలియదు. "అడుగు బయట పెట్టినవంటే నా మీద ఒట్టే" అన్నాడు దుబ్బయ్య. అప్పటికి నాలుగో వాచకం సగమైంది. తెచ్చిన పాఠాలు అయిపోయాయి. ఐలవ్వ పెద్ద పిల్లల చేత చిన్నవాళ్లకు చెప్పించింది, పాతవే మళ్లీ మళ్లీ చదివించింది. చదివిందే చదువుతున్నా పిల్లలెవరూ బడి మానలేదు. ఇళ్లలో దిగులు మొహాలు చూస్తూ కూర్చోవడం కంటే వాళ్లకు అదే బాగున్నట్టుంది.

ఇండియా సైన్యం వచ్చి, గొడవలు సద్దుమణిగాక, ఆ చలికాలంలో సర్కారు ఒక పంతులును పంపింది. పేరు బాలనర్సయ్య. దుబ్బాక సాలోళ్ల ఇంటి పిల్లవాడు, మగ్గం వదిలి చదువుకున్నవాడు. ఆయన వచ్చిన పొద్దున ఐలవ్వ కొట్టం అలికి, బోర్డు తుడిచి, కొడవలి చంకన పెట్టుకుని గడప దాటింది.

"యాడికి పోతున్రు?" అన్నాడాయన.

"కూలికి సారూ. నా పని అయిపాయె గద."

ఆయన ఆగమని చెప్పి పిల్లలను చదివించాడు, లెక్కలు వేయించాడు.

"గిదంతా ఎవరు చెప్పిన్రు?"

పిల్లలందరూ ఐలవ్వ వైపు చూశారు. "నాకు గంతవరకే వచ్చు సారూ" అంది ఆమె, తప్పు చేసినట్టు.

"మిగిలింది నేర్సుకుంటరా?"

"యాడ?"

"గీడనే. వీళ్ల తోటి."

ఐలవ్వకు సిగ్గేసింది. తను చెప్పిన పిల్లల పక్కన తను కూర్చోవాలా! వెళ్లిపోదామనుకుంది. ఎల్లవ్వ జరిగి చాప మీద జాగ చేసింది. ఆమె కొడవలి గోడకు ఆనించి వెళ్లి కూర్చుంది.

వాడ ఆడవాళ్లు చాలా రోజులు నవ్వారు. "పంతులమ్మ బడికి పోతున్నదే, సద్ది కట్టిన్రా?" అని ఆట పట్టించారు. ఐలవ్వ కూడా వాళ్లతో నవ్వింది. నాట్ల రోజుల్లో మాత్రం బడీ కూలీ రెండూ కుదరక, కూలి నుంచి వచ్చి ఎల్లవ్వ చేత ఆనాటి పాఠం చెప్పించుకునేది.

ఎండాకాలం నారాయణరావుపేటలో నాలుగో తరగతి పరీక్ష. పిల్లలతో పాటు లోపలికి పోతుంటే అక్కడి సారు ఆపాడు.

"అమ్మా, పిల్లలను దిగబెట్టినోళ్లు బయటనే ఉండాలె."

"నేను సుత రాసెటందుకే వచ్చిన సారూ."

ఆయన ఆమెను, ఆమె చేతిలోని అట్టను మార్చి మార్చి చూసి, పక్కకు తప్పుకున్నాడు.

ఐలవ్వది మెల్లని రాత. అందరూ రాసి లేచిపోయినా ఆమె వంచిన తల ఎత్తలేదు. బయటికి వచ్చేసరికి ఎండ నడినెత్తి మీద ఉంది. పిల్లలు గోడ నీడన ముడుచుకుని కూర్చున్నారు. సద్ది మూటలు విప్పనే లేదు.

"ఇంకా తినలేదా? ఆకలైతలేదా?" అంది.

"నువ్వు రాక ఎట్ల తింటం?" అంది ఎల్లవ్వ, అదేం ప్రశ్న అన్నట్టు. "భాగహారం చేసినవా?"

"చేసిన. కొంచెం ఆలస్యమైంది."

అందరూ కలిసి మూటలు విప్పుకున్నారు. ఆ ఏడు వాడ పిల్లలంతా గట్టెక్కారు. ఐలవ్వ కూడా గట్టెక్కింది, అత్తెసరు మార్కులతో. బడి తెరిచాక బాలనర్సయ్య పెద్ద తరగతులు తను ఉంచుకుని, చిన్న పిల్లలను ఆమెకు అప్పగించాడు.