సగటు ఎత్తు వంటగట్టు

మా వంటగట్టు నాకు ఎత్తు. కూర కలపాలంటే భుజాలు చెవుల దాకా లేవాలి. సాయంత్రానికి మెడ కొయ్యబారిపోయేది. కాస్త దింపించమని మా ఆయన్ని అడిగాను. నేరుగా మేస్త్రీనే అడిగి ఉంటే ఆ వారంలోనే తేలిపోయేది.

మా ఆయన ఆఫీసులో ప్రాజెక్టులు నడుపుతారు. ఆయన చేతిలో పడితే ఏ పనీ ఉత్త పనిగా మిగలదు.

“ఊరికే పగలగొట్టేస్తే ఎలా? ఇంట్లో అందరి అభిప్రాయం తీసుకోవాలి,” అన్నారు.

“వండేది నేను కదండీ!”

“తినేది అందరం కదా!”

ఆదివారం భోజనాల బల్ల చుట్టూ సమావేశం పెట్టారు. “నేను పొయ్యి ముట్టుకుని ఏళ్ళయిందిరా. అలాగని నన్ను లెక్కలోంచి తీసేస్తావా?” అన్నారు మా అత్తగారు. తాటిచెట్టులా ఎదిగిన మా అబ్బాయి మంచినీళ్ళకు తప్ప వంటింట్లోకి రాడు. వాడికీ ఒక ఓటు. మా మరిదైతే ఫోన్లోంచి తలెత్తకుండానే, “అన్నయ్య ఎలా అంటే అలా,” అన్నాడు.

మా ఆయన అందరినీ గోడకు నిలబెట్టి, నేల నుంచి మోచేతి దాకా టేపుతో కొలిచారు. అన్నీ కూడి సగటు తీశారు.

“చూశావా, ఎవరికీ అన్యాయం జరగలేదు!”

మేస్త్రీ ఆ అంకె చూసి, “రాయి కోశాక నన్ననకండి సార్,” అన్నాడు.

పని జరిగినన్నాళ్ళూ పడకగదిలో పొయ్యి, స్నానాలగదిలో గిన్నెలు. మా ఆయన రోజూ దుమ్ములో నిలబడి, “ఎంతవరకు వచ్చింది?” అనేవారు. “వస్తోంది సార్,” అనేవాడు మేస్త్రీ. ఇద్దరికీ తృప్తిగా ఉండేది.

చివరికి గట్టు లేచింది, పాతదానికంటే నాలుగు వేళ్ళు ఎత్తుగా. బస్సు ఆపుతున్నట్టు చెయ్యెత్తి గరిటె తిప్పాను.

“గడువుకే ముగించాం!” అంటూ మా ఆయన మిఠాయి పంచారు.

నేను స్టవ్ కట్టేసి అందరినీ వంటింట్లోకి పిలిచాను. గట్టు ముందు అత్తగారికి తల మాత్రమే మిగిలింది. మా ఆయనా, అబ్బాయీ కొడవళ్ళలా వంగారు. మరిదికి మాత్రం కొలిచి కుట్టించినట్టు సరిపోయింది.

“ఇదిగో గరిటె. పట్టుకో నాయనా.”

“నాకు వంట రాదు వదినా!”

“గట్టు వచ్చిందిగా, అదీ వస్తుందిలే.”

అన్నం ఒక పూట ముద్ద, ఒక పూట పలుకు. అత్తగారు కంచం కేసి చూసి నా కేసి చూసేవారు. నేను మా ఆయన కేసి చూసేదాన్ని. కొన్నాళ్ళకు ఏ సమావేశమూ లేకుండానే ఆయన మేస్త్రీని పిలిచి, “ఆవిడకెంత కావాలో అంతకు దింపెయ్,” అన్నారు.

“అదేం కుదరదు!” గరిటె దించకుండానే అన్నాడు మరిది. “ఇప్పుడిప్పుడే చెయ్యి తిరుగుతోంది. దింపితే నా నడుం ఏమవ్వాలి?”

“ఇవాళ కూర బానే కుదిరిందిరా,” అన్నారు అత్తగారు.

ఆఖరికి గట్టు సగం నా ఎత్తుకు దిగింది, సగం మరిది ఎత్తున ఉండిపోయింది. నా మెడ తేలికపడింది. గిన్నెలు తోమే తొట్టిని మాత్రం గొట్టాల వల్ల ఆ రెండింటికంటే ఎత్తున పెట్టాల్సి వచ్చింది. అది మా ఆయన మోచేతికి సరిగ్గా అందింది. ఈసారి నేను ఎవరి అభిప్రాయమూ తీసుకోలేదు.