పక్క సీటు బ్రేకు

మా ఆయన పద్దెనిమిదేళ్లుగా డ్రైవింగ్ నేర్పుతున్నారు. ఒక పళ్ల డాక్టరు, నలుగురు లాయర్లు, చెవులు సరిగ్గా వినపడని ఒక పెద్దాయన, ఇలా ఎందరో ఆయన దగ్గర నేర్చుకుని మొదటిసారికే లైసెన్సు తెచ్చుకున్నారు. దారిలో కనిపిస్తే కారు ఆపి మరీ "మాస్టారూ, బాగున్నారా?" అని పలకరించి వెళ్తారు. పరీక్ష మూడుసార్లు తప్పిన శిష్యురాలు ఆయనకి ఒక్కతే ఉంది. ఆవిడ ఆయన ఇంట్లోనే ఉంటుంది, రోజూ ఆయనకి కాఫీ కలిపి ఇస్తుంది. ఆవిడని నేనే.

డ్రైవింగ్ స్కూలు కారులో పక్క సీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాళ్లు గాభరా పడితే మాస్టారు అది తొక్కి బండి ఆపుతారు. పరీక్ష రోజున ఇన్‌స్పెక్టరు వెనక సీట్లో కూర్చుంటాడు, మాస్టారు పక్క సీట్లోనే ఉంటారు. ఆయన కాలు ఆ బ్రేకు మీద పడిందంటే ముందున్న చిన్న ఎర్రదీపం వెలుగుతుంది, పరీక్ష అక్కడితో సరి. నా ఖర్మకొద్దీ మూడుసార్లూ ఆ దీపం వెలిగింది. మూడుసార్లూ మా ఆయనది ఒకటే మాట. "నేను తొక్కకపోతే గుద్దేసేదానివి." అంత అనుభవం ఉన్న మనిషి చెప్తుంటే నమ్మక ఏం చేస్తాను?

నేను ఒక ల్యాబ్‌లో రక్తం తీస్తాను. పదకొండేళ్లుగా అదే పని, బేస్‌మెంట్‌లో కిటికీ లేని గదిలో. చేయి చూడగానే నరం ఎక్కడుందో చెప్పేయగలను. బయట వాన పడుతోందా ఎండ కాస్తోందా అన్నది మాత్రం వచ్చినవాళ్ల గొడుగు తడి చూసి తెలుసుకోవాలి. ఇప్పుడు మా ల్యాబ్‌వాళ్లు ఇళ్లకి వెళ్లి రక్తం తీసుకొచ్చే పని మొదలుపెట్టారు. కారు వాళ్లదే, నడపాల్సింది మనం. "అక్కా, నెలాఖరు దాకా మీకోసం ఆపుతాను. లైసెన్సు రాకపోతే ఇంకెవరికైనా ఇచ్చేయాలి" అంది మేనేజరు. నెలాఖరులోపు పరీక్షకి ఒక్క తేదీ దొరికింది. ఆ పని నాకు కావాలి. ఆకలేసినంతగా కావాలి.

సంగతి బయటపడింది మా అమ్మాయి గదిలో. అది తన కంప్యూటర్‌కి ఒక స్టీరింగూ, బల్ల కింద రెండు పెడల్సూ బిగించుకుని కార్ల ఆట ఆడుతుంది. తెర నిండా పెద్ద నగరం. ఎటైనా పోవచ్చు, ఇటే పో అనేవాళ్లు లేరు. పోలీసుల్ని వెంట తిప్పుకోవచ్చు, వంతెన మీంచి దూకించవచ్చు. ఎంత అల్లరి చేస్తే అన్ని పాయింట్లు. ఒక ఆదివారం మధ్యాహ్నం నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టింది. నేను అలవాటు కొద్దీ సీటు బెల్టు కోసం తడుముకున్నాను. పిల్ల పగలబడి నవ్వింది.

మొదటి సిగ్నల్ దగ్గర ఎర్రలైటు పడింది. నేను నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాను. కారు తిన్నగా వెళ్లి లారీని గుద్దింది. రెండో సిగ్నల్ దగ్గర పూలకొట్టు ఎగిరిపోయింది. మూడో చోట సాక్షాత్తూ పోలీసు కారే. ఆట మహా సంబరపడి నాకు పాయింట్లు కుమ్మరించింది.

"అమ్మా, బ్రేకేదీ?"

"పడుతుందిలేవే."

"ఎవరు వేస్తారు?"

నేను పక్కకి చూశాను.

"ఇక్కడ నాన్న లేడమ్మా" అంది పిల్ల. "నువ్వే వేసుకోవాలి."

అరికాలి మంట నెత్తికెక్కింది. ఎర్రలైటు నాకు కనిపిస్తూనే ఉంది, ముందున్న లారీ కూడా కనిపిస్తూనే ఉంది. కాలు మాత్రం కదల్లేదు. కదలాల్సిన అవసరం దానికి ఎన్నడూ పడలేదు. నేను బ్రేకు తొక్కుదామనుకునే లోపే పక్కనుంచి ఎవరో తొక్కేసేవారు. కారు దానంతటదే ఆగుతుందని నా కాలికి నేర్పింది ఊరు మెచ్చిన మాస్టారే.

ఆ రోజు నుంచి ల్యాబ్ నుంచి రాగానే ఆ కుర్చీలో కూర్చునేదాన్ని. ఆ నగరం మొత్తం మీద సిగ్నల్ దగ్గర ఆగే మనిషిని నేనొక్కదాన్నే. వెనకవాళ్లు హారన్లు కొట్టేవారు. పోలీసులు సైతం నన్ను దాటుకుని దూసుకుపోయేవారు. ఎవడో ఒకడు రేసుకి రమ్మని తెర మీద పిలుస్తూనే ఉండేవాడు. నాకెక్కడ తీరిక? నేను ఏడు ఇళ్లు ఎంచుకుని పెట్టుకున్నాను. ఒక్కో ఇంటి ముందు బండి ఆపి, మనసులోనే తలుపు కొట్టి రక్తం తీసుకుని, సీసాలు కుదుపుకి పగలకుండా తిరిగొచ్చేదాన్ని. రెండో వారానికి నా పాయింట్లు సున్నాకి చేరాయి. బళ్లో నూటికి నూరు వచ్చినప్పుడు కూడా నేనంత మురిసిపోలేదు.

ఇక దారికి రావాల్సింది మా ఆయన. సంగతి చెప్పగానే ఒంటికాలి మీద లేచారు.

"నేనా? అవసరమైతే తప్ప కాలు కదపను. బొమ్మ కారు నడిపి నాకు పాఠాలు చెప్తున్నావా?"

"అయితే వచ్చి నా పక్కన కూర్చోండి. బొమ్మ కారేగా!"

కూర్చున్నారు. ఆయన పాదం కింద ఖాళీ నీళ్ల సీసా ఒకటి పెట్టాను, ప్లాస్టిక్‌ది. నొక్కితే టప్పుమంటుంది. నేను బయలుదేరాను. సిగ్నల్ ఇంకా ఆమడ దూరంలో ఉండగానే టప్. ఎవరో ముసలమ్మ ఫుట్‌పాత్ మీద నిలబడి ఉంటే టప్. ఎవరూ లేకపోయినా టప్. అరగంటలో నలభై మూడు. లెక్క రాసింది మా అమ్మాయి, నవ్వలేక కళ్లనీళ్లు తుడుచుకుంటూ.

మా ఆయన ఆ సీసాకేసి, తన కాలికేసి మార్చి మార్చి చూశారు. "దానంతటదే పోతోందే" అన్నారు నీరసంగా.

"మరి మిగతావాళ్ల పక్కన కూర్చున్నప్పుడు?"

"వాళ్ల పక్కన పోదు."

"ఎందుకు పోదు?"

"వాళ్లు నా పెళ్లాలు కాదు కదా!"

పిల్ల "నాన్నా!" అని అరిచింది. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. నామీద ప్రాణమో, నామీద నమ్మకం లేకపోవడమో, రెండూ ఒకే కాలితో తొక్కితే తేడా నాకెలా తెలుస్తుంది? "మీరు నన్ను కాపాడి కాపాడి ఆ కిటికీ లేని గదిలోనే ఉంచేశారండీ" అన్నాను. మర్నాడు ఆయన నేను పిలవకుండానే వచ్చి, సీసా తనే వెతుక్కుని కాలికింద పెట్టుకున్నారు.

నలభై మూడు ముప్పై అయింది, ముప్పై పదిహేడైంది. పరీక్ష ముందురోజుకి నాలుగు. నాలుగంటే తక్కువే. కానీ దీపం వెలగడానికి ఒక్కటి చాలు. ఆ రోజంతా ఆయన కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగారు.

పరీక్ష రోజున కారెక్కి నేను అద్దం సరిచేసుకుంటుంటే, ఆయన చెప్పులు విప్పేసి సీటు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. ఇన్‌స్పెక్టరు వెనకనుంచి తొంగి చూశాడు.

"ఏం మాస్టారూ, ఒంట్లో బాగోలేదా?"

"మోకాళ్ల నొప్పులండీ. ఇలా అయితే కాస్త హాయి" అని నిండు సభలో ప్రమాణం చేస్తున్నంత గంభీరంగా అబద్ధమాడారు.

రెండు సిగ్నళ్లు దాటాం. చౌరస్తా తిరిగాం. నా ఊపిరి నాకు తెలుస్తోంది. ఒక గోదాము ముందుకి రాగానే, అట్టపెట్టెలు నిలువెత్తు పేర్చిన తోపుడుబండి ఒకటి ఫుట్‌పాత్ దిగి రోడ్డు మీదికి వచ్చేసింది. నెట్టేవాడికి ఎదురేముందో కనిపించదు. పక్క సీట్లో మా ఆయన కాలు గింజుకుంది. ఆయన రెండు చేతులతో దాన్ని, సంచిలోంచి దూకబోయే పిల్లిని అదిమినట్టు అదిమి పట్టుకున్నారు, కళ్లు గట్టిగా మూసుకుని. నేను బ్రేకు తొక్కాను.

కారు ఆగింది. తోపుడుబండి మా ముందునుంచి నింపాదిగా దాటిపోయింది. దీపం వెలగలేదు.

కాగితం మీద సంతకం పెట్టి ఇస్తూ ఇన్‌స్పెక్టరు "ఇంత బాగా నడిపేవారు, మూడుసార్లు ఎలా తప్పారమ్మా?" అన్నాడు. నేను మా ఆయనకేసి చూశాను. ఆయన చెప్పులు తొడుక్కోవడంలో మునిగిపోయారు.

ఇన్‌స్పెక్టరు వెళ్లాక నేను స్టీరింగ్ ముందే కూర్చుని "ఎక్కండి, ఇంటికి పోదాం" అన్నాను. ఆయన తలుపు తీయలేదు.

"నువ్వు పోనివ్వు. నేను బస్సులో వస్తా."

"అదేంటండీ! ఇప్పుడేగా పాసయ్యాను."

"అందుకే. ఈ కాలిని ఎంతసేపని పట్టుకోను?" అని, నేనేదో అనబోయేలోగా బస్‌స్టాప్ వైపు నడిచి వెళ్లిపోయారు. నాకు కోపం రావాలి. రాలేదు. పెళ్లయ్యాక ఆయన నాకోసం చేసిన పనులన్నిట్లో అదే కష్టమైనదని నాకు తెలుసు.

నేను ఇల్లు చేరిన ముప్పావుగంటకి ఆయన కుంటుకుంటూ వచ్చారు. "ఆ బస్సు డ్రైవరుకి బ్రేకు ఎక్కడుందో తెలిసినట్టు లేదు. దారిపొడుగునా నేనే తొక్కాల్సి వచ్చింది" అని సణుగుతూ కుర్చీలో కూలబడి పిక్కలు పిసుక్కున్నారు. నేను మంచినీళ్లు ఇచ్చాను. సగం తాగి, గ్లాసులోకి చూస్తూ అడిగారు.

"దారిలో భయం వేసిందా?"

"ఒకచోట వేసిందండీ. చటుక్కున పక్కకి చూశాను, మీరు లేరు."

"మరేం చేశావ్?"

"నేనే ఆపాను."