మేస్త్రీ గీసిన గీత

కట్టర్ మొనను కిరసనాయిలు సీసాలో ముంచి, సీసా మూతికి రాసి బొట్టు వదిలించి, అందరూ నిదానం అని పిలిచే అతను గాజు పలక మీదికి వంగాడు. బల్లమీద పరిచిన పాత కంబళి ఏళ్ళ తరబడి చేతుల రాపిడికి నేసిన పోగులు బయటపెట్టుకుంది. చెక్క స్కేలును ఎడమ అరచేత్తో అదిమి, ఊపిరి బిగబట్టి, అవతలి అంచు నుంచి తన పొట్ట దాకా ఒక్క లాగు లాగాడు. సన్నగా సర్రుమంది. వెంటనే పలకను బల్ల అంచుకు జరిపి రెండు చేతులతో కిందికి నొక్కాడు. టక్కున విరిగింది. అంచు తిన్నగా వచ్చింది. అప్పుడు ఊపిరి వదిలాడు.

వదిలాడో లేదో, చేయి చొక్కా జేబు మీదికి పోయింది. జేబులో ఫోను, ఫోనులో క్రెడిట్ కార్డు దరఖాస్తు. పేరు, పుట్టిన తేదీ, చిరునామా, సంపాదన, అన్నీ నింపేశాడు. అడుగున ఉన్న ఆకుపచ్చ మీట ఒక్కటే నొక్కాలి. ఆ ఒక్క నొక్కుడు నొక్కలేక మనిషి కొన్ని వారాలుగా చస్తున్నాడు.

అతని అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ తెలియదు. మీసాలు కూడా సరిగా రాని వయసులో ఈ అద్దాల కొట్టులో పనికి చేరాడు. కిటికీ కొలత తెమ్మని పంపితే కొలిచిందే కొలిచి, ఇంటావిడకు విసుగు పుట్టించి మధ్యాహ్నానికి తిరిగొచ్చాడు. కొట్టు యజమాని మేస్త్రీ కడుపుబ్బా నవ్వి, "వీడి పేరు నిదానం" అన్నాడు. అదే స్థిరపడిపోయింది. పెళ్ళిచూపులకు వెళ్ళినప్పుడూ అంతే. ఆలోచించి చెప్తానని వచ్చేసి, వాళ్ళు వేరే సంబంధం ఖాయం చేసుకోబోతుంటే పరుగున వెళ్ళి సరే అన్నాడు. భార్య ఆ ముక్క ఇప్పటికీ వదలదు. కూరలో ఉప్పు తగ్గిందన్నా సరే, అక్కడినుంచే మొదలుపెడుతుంది.

ఈ కార్డు మాత్రం సోకు కోసం కాదు. మేస్త్రీకి పిల్లాపాపల దగ్గర కాలక్షేపం చేయాల్సిన వయసు వచ్చి చాలా కాలమైంది. దగ్గు ఒకటి పట్టుకుని వదలడం లేదు. "కొట్టు నీదేరా, నా తర్వాత నడుపుకో" అని నలుగురిలో చెప్పేశాడు. చెప్పడం బాగానే ఉంది. గాజు ఇచ్చే డిపోవాళ్ళు నగదు తీసుకోవడం మానేశారు, అరువూ మానేశారు. ఆర్డరు పెట్టినప్పుడే కార్డు మీద డబ్బు లాక్కుంటారు. గిరాకీలు చూస్తే పనంతా అయ్యాక, మళ్ళీ రమ్మని రెండు మూడు సార్లు తిప్పి ఇస్తారు. ఆ మధ్య రోజులు మోసేది క్రెడిట్ కార్డే. ఇప్పటిదాకా మేస్త్రీ కార్డు మోస్తోంది. నిదానానికి సొంత కార్డు రాకపోతే గాజు రాదు. గాజు లేని అద్దాల కొట్టులో కూర్చుని ఈగలు తోలుకోవాలి. ఈ వయసులో ఇంకోచోట పని ఎవడిస్తాడు?

బ్యాంకుకు వెళ్తే కౌంటర్లో అమ్మాయి కంప్యూటర్లో వెతికి వెతికి, "మీకు హిస్టరీ లేదండీ" అంది.

"అంటే ఏంటమ్మా?"

"అప్పు తీసుకున్నట్టూ లేదు, కట్టినట్టూ లేదు. మీరెలాంటివారో మాకు తెలియదు."

"నేను ఒక్కడికీ బాకీ లేనమ్మా."

"అదేనండీ ఇబ్బంది."

ఆ మాటకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు నిదానానికి. తలెత్తుకు తిరిగిన బతుకంతా ఆ అమ్మాయి ముందు ఖాళీ తెరలా నిలబడింది. కిస్తీల మీద ఏదైనా చిన్న వస్తువు కొని ఆరు నెలలు సక్రమంగా కట్టమని ఆ అమ్మాయే ఉపాయం చెప్పింది. ఫ్రిజ్ కొన్నాడు. ఇంట్లో ఫ్రిజ్ చేరిన దగ్గర్నుంచి భార్యకు నిద్ర లేదు. "తలుపు తీస్తే చలి కాదండీ, గుండె దడ వస్తోంది. ఇంట్లో అప్పు పెట్టుకుని అన్నం ఎలా సహిస్తుంది?" అని రోజూ పోరు. మూడో నెలలో చిట్టీ డబ్బు చేతికొచ్చింది. ఇద్దరూ పోయి మిగతాదంతా ఒక్కసారి కట్టేసి, తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, దారిలో ఐస్‌క్రీం కూడా తిన్నారు. బ్యాంకు అమ్మాయికి గొప్పగా చెబితే ఆమె తల పట్టుకుంది. "అయ్యో! ఎవరు తీర్చేయమన్నారండీ? నెలనెలా కట్టడం కదా మేం చూసేది!"

మళ్ళీ మొదటికొచ్చింది. ఈసారి ఫోను కొన్నాడు. భార్యను బతిమాలి ఒప్పించాడు. అయిదు కిస్తీలు పడ్డాయి. ఆరోది వచ్చేవారం. "అది పడ్డాకే దరఖాస్తు పెట్టండి. ముందే పెడితే కాదనొచ్చు. పెట్టిన సంగతి రికార్డులో ఉంటుంది. వెంటనే మళ్ళీ పెడితే డబ్బుకు కటకటలాడుతున్నాడనుకుంటారు" అని హెచ్చరించింది ఆ అమ్మాయి. ఈ మాట ఒక్కటీ నిదానానికి ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేకపోయింది. గాజు మీద గీత ఒక్కసారే గీయాలి. సరిగా పడలేదని అదే గీత మీద మళ్ళీ కట్టర్ పెట్టావా, పలక నీ ఇష్టం వచ్చినట్టు కాదు, దాని ఇష్టం వచ్చినట్టు పగులుతుంది.

కానీ ఈ పొద్దున భార్య టిఫిన్ డబ్బా చేతికిస్తూ, "ఇవాళే పెట్టెయ్యండి" అంది.

"ఇంకొక్క వారమేగా."

"మేస్త్రీగారిని నిన్న చూశాను. మెట్టు ఎక్కడానికి గోడ పట్టుకున్నారు. ఆయన పోతే ఆయన కార్డూ పోతుంది. అప్పుడేం చేస్తారు?"

"నోరు ముయ్యి!" అన్నాడు. ఆ గొంతు విని తనే ఉలిక్కిపడ్డాడు. ఆవిడ చెప్పింది నిజమేనని తెలుసు. అందుకే అంత కోపం. వారం ఆగకుండా మీట నొక్కడమంటే, మేస్త్రీ వారం బతకడని తన చేత్తో తను ఒప్పుకోవడమే. అన్నం పెట్టిన మనిషి చావు మీద లెక్క వేసుకోవడం అతని వల్ల కాలేదు.

మధ్యాహ్నం ఎండ గుమ్మం దాటి లోపలికి వచ్చింది. మేస్త్రీ తన కుర్చీని కాస్త వెనక్కి జరుపుకున్నాడు. మోకాళ్ళ మీద పెట్టుకున్న చేతుల నిండా పాత గాట్లు, వేళ్ళ చివర నున్నగా అరిగిన చర్మం.

"నొక్కావా?"

"ఆరో కిస్తీ పడనీండి మేస్త్రీ."

"కొలుస్తూ కూర్చో. ఒరేయ్, ఒకటడుగుతా చెప్పు. నేను పోతానని భయపడి నొక్కట్లేదా, పోనని నమ్మి నొక్కట్లేదా?"

నిదానం చేతిలో ఉన్న గుడ్డతో, తుడిచిన పలకనే మళ్ళీ తుడిచాడు.

"నాకేం కోపం రాదురా పిచ్చోడా. నీ పేరు మీద కార్డు వస్తే చూడాలని ఉంది, అంతే. ఇటివ్వు ఆ కట్టర్."

"మీకెందుకండీ ఇప్పుడు?"

"ఇవ్వమంటుంటే!"

వీధి చివరి టీచరమ్మ ఇచ్చిపోయిన ఫోటో ఫ్రేముకు అద్దం కోయాలి. మేస్త్రీ బల్ల పట్టుకుని లేచి నిలబడ్డాడు. కట్టర్ పట్టుకోగానే అంతసేపూ వణికిన చేయి వణకడం మానేసింది. నిదానం స్కేలు పట్టుకున్నాడు. సర్రుమంది. ఎక్కడా ఆగలేదు, ఎక్కడా జారలేదు.

"అబ్బ! ఏం గీశారండీ!"

మేస్త్రీ ముఖం వెలిగిపోయింది. "నువ్వు విరువు. నేను కూర్చుంటా. గీత చల్లారనివ్వకు, తిన్నగా విరగదు. కొలవడానికి ఎంతసేపైనా తీసుకో, గీశాక మాత్రం ఆగకూడదు."

నిదానం పలక మీద చేయి వేస్తుండగా ఫోను మోగింది. బ్యాంకు అమ్మాయి. పొద్దున తను చేస్తే ఎత్తలేదు, ఇప్పుడు తిరిగి చేస్తోంది. లోపల సరిగా వినపడదని వీధిలోకి వెళ్ళాడు. ఓ చెవి మూసుకుని, లారీ వెళ్ళేదాకా ఆగి, మళ్ళీ అదే ప్రశ్న అడిగాడు. ఆమె మళ్ళీ అదే జవాబు చెప్పింది. ఆగండి, వారమేగా, కంగారేముంది.

గుండెల మీంచి బరువు దిగింది. ఎవరి చావునూ లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. నవ్వుతూ లోపలికి వచ్చాడు.

"ఆగమంటోంది మేస్త్రీ! వారమే కదా, కార్డు రాగానే ముందు మీ చేతికే ఇస్తా, మీరే మొదటి ఆర్డరు..."

మేస్త్రీ తల ఒక పక్కకు వాలి ఉంది. కునుకు పట్టిందనుకున్నాడు. ఎండ ఆయన కళ్ళ మీద పడుతోంది, రెప్పలు సగం తెరిచే ఉన్నాయి. నిదానం తన చేతిని అడ్డం పెట్టాడు. తర్వాత ఆ చేతినే ఆయన ముక్కు దగ్గర పెట్టాడు. చాలాసేపు అలాగే పెట్టి ఉంచాడు.

పక్క కొట్లవాళ్ళు వచ్చారు, డాక్టరు వచ్చాడు, కొడుకు వచ్చాడు. మేస్త్రీని తీసుకెళ్ళిపోయారు. వెళ్తూ వెళ్తూ కొడుకు నిదానం భుజం పట్టుకుని, "కొట్టు నీకే అన్నారు నాన్న. ఆ మాట నిలబెడతాను. కార్డు మాత్రం రేపు ఆపించెయ్యాలి, ఏమనుకోకు" అన్నాడు. నిదానం తల ఊపాడు. అనుకోవడానికి ఏముంది?

అందరి వెంటా బయల్దేరబోయి, కొట్టు మూయడానికి ఆగిపోయాడు. సాయంత్రపు వెలుగు ఇంకా ఉంది. భార్య వచ్చింది. పొద్దుటి మాట ఎత్తలేదు. మేస్త్రీ కుర్చీ వైపు చూసి కొంగుతో ముఖం కప్పుకుంది.

నిదానం జేబులోంచి ఫోను తీశాడు. ఆరో కిస్తీ పడలేదు. కాదంటే ఇంతే సంగతులు. కొట్టు తలుపు మూసుకోవడమే. బొటనవేలు ఆకుపచ్చ మీట మీద పెట్టాడు. ఊపిరి బిగబట్టాడు. నొక్కాడు.

తెర మీద చిన్న చక్రం తిరిగింది. ఇద్దరూ దాన్నే చూస్తూ నిలబడ్డారు. ఒక అద్దం తుడిచేంత సేపు కూడా పట్టలేదు. అక్షరాలు వచ్చాయి. అభినందనలు, మీ కార్డు మంజూరైంది. పరిమితి చిన్నదే. డిపో నుంచి నాలుగు పలకలు తెచ్చుకోవచ్చు. నడుపుకోవడానికి చాలు.

"వచ్చిందా?" అంది భార్య.

"వచ్చింది."

"మరి ఎందుకండీ ఏడుస్తున్నారు?"

"పొద్దున పెట్టి ఉంటే ఆయన చూసేవారే," అన్నాడు నిదానం. బల్ల మీద మోచేతులు ఆనించి, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. భార్య అతని వీపు మీద చేయి వేసి నిమురుతూ ఉండిపోయింది.

తర్వాత ముఖం తుడుచుకుని కట్టర్‌ను సీసాలో పెట్టాడు. స్కేలు గోడకు తగిలించాడు. మేస్త్రీ కుర్చీని గుమ్మం దగ్గరే ఉంచాడు. టీచరమ్మ అద్దానికి వేరే పలక రేపు కోసుకోవచ్చు. లైటు ఆర్పి, షట్టర్ సగం దించి, వంగి ఒక్కసారి లోపలికి చూశాడు.

కంబళి మీద ఆ పలక ఇంకా రెండు ముక్కలు కాకుండానే పడుకుని ఉంది, మధ్యలో మేస్త్రీ గీసిన గీత సన్నని వెంట్రుకలా మెరుస్తూ.