తెల్లదారం సీసా

ప్రయోగశాల బల్ల దగ్గర అతను సీసాను రబ్బరు దిండు మీద దభీమని కొట్టాడు. గాజుకు అంటుకున్న పండ్ల ఈగలు జలజలా అడుక్కి రాలాయి. అవి తేరుకుని పైకి పాకేలోగా మూత తీసి మత్తు గ్యాసు గొట్టం దూర్చాడు. అన్నీ కాళ్లు ముడుచుకుని ఒరిగిపోయాయి. వాటిని తెల్లపలక మీద కుమ్మరించి, కుంచెతో పది కుప్పలు చేసి, తొమ్మిదింటిని నూనె సీసాలోకి నెట్టాడు. మత్తు వదిలినవి ఒకటి రెండు నూనెలో గిలగిల కొట్టుకున్నాయి. అతను అటు చూడలేదు.

ఎర్రచీటీ సీసాలకు వారానికి రెండుసార్లు ఇదే శిక్ష. ముసలిదా, పడుచుదా అని చూసి ఎంచకూడదు. నీలంచీటీ సీసాల్లో మాత్రం పదింట ఒకటే చావాలి.

"ఏం యమన్నా, ఇవాళ ఎంతమందిని పంపించావు?" గుమ్మంలోంచి ఊడ్చే ఆమె అడిగింది.

"నీ వంతు ఇంకా రాలేదులేమ్మా. చీపురు అవతల పెట్టు, ఎగిరిపోతాయి."

"నా వంతుకి ఆ కుంచె చాలదు. గడ్డపార తెచ్చుకో."

నవ్వాడు. నవ్వితే ముందుపళ్లు రెండే కనిపిస్తాయి. వయసు యాభైమూడే. బస్సులో కుర్రాళ్లు "తాతా" అని లేచి సీటిస్తారు.

ఊడిన పళ్లలో మూడు తండ్రి రాలగొట్టినవి. ఎడమ చెవి కూడా ఆయన చేతి చలవే, దాంట్లోంచి ఏమీ వినిపించదు. ఆ తండ్రి ముప్పై ఎనిమిదో ఏట బజారు కొట్లాటలో తల పగిలి చచ్చిపోయాడు. కుళాయి దగ్గర బకెట్ల వరసలో మాటామాటా పెరిగి, అన్నను ఇరవై రెండేళ్లకే కడుపులో మూడు పోట్లు పొడిచారు. నలభై దాటాక ఎలా బతకాలో అడుగుదామంటే అతని ఇంట్లో పెద్ద మగవాడంటూ ఒక్కడూ లేడు.

కూతురికి నాలుగేళ్లప్పుడు, పాలసీసా పగలగొట్టిందని చెయ్యి దానంతటదే లేచింది. ఆ చేతిని తీసుకెళ్లి గోడకేసి గుద్దుకున్నాడు. రెండు వేళ్లు విరిగి వంకరగా అతుక్కున్నాయి. మళ్లీ ఆ చెయ్యి ఆ పిల్ల మీదికి లేవలేదు.

ఆరేళ్ల కింద, ఈ ప్రయోగం నడిపే మేడమ్ కొన్ని ఎర్రచీటీ ఈగలను చంపకుండా వదిలేసి చూడమన్నారు. అయినా అవి నెల తిరక్కుండానే కాళ్లు వణికి, రెక్కలు చిరిగి, ముప్పై అయిదో రోజుకల్లా ఒక్కటీ మిగల్లేదు.

"ఇప్పుడెవరూ చంపట్లేదు కదమ్మా. ఎందుకిలా?"

"వీటి తాతముత్తాతలకు రేపనేది దక్కలేదయ్యా. గబగబా పెరిగి గబగబా గుడ్లు పెట్టినవాటి సంతానమే మిగిలింది. ఒళ్లు ఎక్కువ రోజులు నిలబడే గుణంతో అక్కడ పనే లేకపోయింది. తరాలు గడిచేసరికి అది సన్నగిల్లిపోయింది."

"మళ్లీ రాదా?"

"చంపడం మానేసి, ముసలిదాకా బతికినవాటి గుడ్లే పెంచుకుంటూ పోతే రావచ్చేమో. మనకంత తీరికెక్కడిది?"

ఆ సాయంత్రమే అతను ఎర్రచీటీ ఈగలు కొన్ని వేరే సీసాలో వేశాడు. చీటీ అంటించలేదు. మెడకు తెల్లదారం కట్టి అట్టడుగు అరలో వెనక్కి నెట్టాడు. అప్పటినుంచి ఆరేళ్లు, తరానికో కొత్త సీసా, అదే దారం. ప్రతి తరంలోనూ చివరిదాకా బతికినవాటి గుడ్లే దాచాడు. రోజుకొక గీత, అర వెనక గోడ మీద. తరం మారితే పాతవి చెరిపేసేవాడు.

ఇప్పుడున్న తరానికి యాభై ఒక్క గీతలు. లోపల ఇంకా పదకొండు బతికున్నాయి.

కానీ ప్రయోగం ఇవాళ్టితో ముగుస్తుంది. నాలుగింటికి సీసాలన్నీ ఆవిరిపెట్టెలోకి పోవాలి. చెప్తే, ఆరేళ్లుగా ప్రయోగశాలలో దొంగపని చేశాడని ఉద్యోగం పీకేస్తారు. చెప్పకపోతే పదకొండూ ఉడికిపోతాయి. పొద్దుటినుంచి ఎడమ భుజం మోచేతిదాకా లాగేస్తోంది. పాత దెబ్బేలే అనుకున్నాడు.

మూడింటికి మేడమ్ వచ్చారు. అతను తెల్లదారం సీసా తెచ్చి బల్ల మీద పెట్టి, తడబడుతూ అంతా చెప్పాడు. చెప్పినంతసేపూ చేతులు వెనక్కి కట్టుకుని, మంచి చెవి ఆమెకు అందకుండా తల పక్కకు తిప్పి ఉంచాడు.

"ఆరేళ్లా! ఒక్కసారైనా నాతో ఎందుకు చెప్పలేదు?"

"కొడతారనుకున్నానమ్మా."

మేడమ్ తన స్టూలు అతని వైపు జరిపారు.

"కూర్చో," అన్నారు మెల్లగా.

ఆమె నేల మీద మోకాళ్లూని, అట్టడుగు అరలోకి తల దూర్చి, టార్చి వెలుగులో గీతలు లెక్కపెట్టారు. నమ్మకం కుదరక మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టారు.

"యాభై ఒకటి! ఇవి నిజంగా ఎర్రచీటీవేనా?" లోపలినుంచే అడిగారు. "నిన్నేనయ్యా. ఈ సీసా ఉంచేద్దాం. వినబడుతోందా?"

చెవిటి చెవి వైపునుంచి అడుగుతున్నానేమో అనుకుని ఆమె లేచి ఇటుపక్కకు వచ్చారు. అతని తల గోడకు ఆని ఉంది. కళ్లు రెప్ప వాలకుండా సీసా మీదే ఉన్నాయి. వంకర వేళ్లు ఒళ్లో కుంచె పట్టుకున్నట్టే ముడుచుకుని ఉన్నాయి.

మేడమ్ కేకకు ఊడ్చే ఆమె పరుగున వచ్చి భుజం కుదిపింది.

"అన్నా," అంది. ఈసారి యముడనలేదు.

మరునాడు ఆవిరిపెట్టె ఎర్రచీటీలనూ నీలంచీటీలనూ మింగేసింది. బల్ల మీద ఒక్క సీసా మిగిలింది. మెడకు మాసిన తెల్లదారం. లోపల రెక్క చిరిగిన ముసలి ఈగ ఒకటి, గాజు మీద ఆగి ఆగి, పైకి నడుస్తోంది.