వినే గది

పలచని పొరలుగా గీరే కత్తి కింద చీజ్ దిమ్మ నడుమ మళ్ళీ గుంట పడింది.

"సమంగా గీరమంటే స్కీ కొండలా తవ్వావేం సిగ్వే?" అంది తూరున్.

"చెయ్యి వణుకుతోంది వదినా."

"తినేటప్పుడు వణకదేం?"

ఆమె భర్త ఐవిన్ తమ్ముడి వైపు చూడకుండా నవ్వాడు.

మనసు చెదిరి ఆస్పత్రిలో ఉండి వచ్చిన సిగ్వేకి నార్వేలోని బెర్గెన్‌లో ఈ ఇంటి వెనకగది తప్ప చోటు లేదు. తూరున్ ఆ పేటలోని ఒంటరివాళ్ళ కోసం ఒక బృందం నడుపుతుంది. ఎవరు ఏడ్చినా చెయ్యి పట్టుకుని వింటుందని పేరు. సిగ్వే నోరు తెరిస్తే మాత్రం కుళాయి తిప్పి గిన్నెలు కడుగుతుంది.

సాయంత్రం భోజనాల దగ్గర ఆమె చెప్పింది: "వెనకగదిని మా బృందానికి ఇస్తున్నాను. బాధలో ఉన్నవాళ్ళకు ప్రశాంతమైన చోటు కావాలి కదా. శనివారానికల్లా ఖాళీ చెయ్యి సిగ్వే."

"నేనెక్కడికి పోను వదినా?"

"శనివారం నువ్వూ రా. మా అందరికీ చెప్పుకో, వింటాం."

ఐవిన్ ఉప్పు అందుకున్నాడు.

సిగ్వే ముట్టని చేపల సూపు వదిలి లేచాడు.

"భోజనానికి థాంక్స్ చెప్పకుండా లేవడమేంటి? చిన్నపిల్లలకు కూడా తెలుసు ఆ మర్యాద!" అంది తూరున్.

అతను కుర్చీ పట్టుకుని నిలబడి, "భోజనానికి థాంక్స్ వదినా" అన్నాడు.

"ఆఁ, ఇప్పుడు వెళ్ళు."